సదరుగారి సంతానం

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. నా విషయంలో ఆ లెక్క ఇంటి వరకే సరిపోయింది. ఆఫీసులో మా ఆడపడుచు నాకు పూర్తి మొగుడే. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన మూడో నెలలో నన్ను తను పనిచేసే రికార్డుల ఆఫీసుకు లాక్కుపోయి, "మా వదినకు టైపింగు వచ్చు సార్, ఇంట్లో ఖాళీగా ఉంది" అని చెప్పి కుర్చీలో కూర్చోబెట్టింది. నేను ఖాళీగా ఉన్నానని తనకెవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. ఆ ఆఫీసులోనే ఇరవై నాలుగేళ్లయింది నాకు.

ఊళ్లో పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, పెళ్లి చేసుకున్నవాళ్లు, అందరి వివరాలూ మా దగ్గరే ఉంటాయి. నూట ఇరవై ఏళ్ల రిజిస్టర్లు. ముత్తాత పేరేమిటి, అమ్మమ్మ పుట్టింటివాళ్లెవరు, మేనత్తకు ఎందరు పిల్లలు అని వెతుక్కుంటూ జనం వస్తూనే ఉంటారు. ముందు గదిలో గాజు పలక, దానికి సరిగ్గా పొట్ట ఎత్తులో ఒక కంత. ఎంతటి మనిషైనా వంగి మాట్లాడాల్సిందే. ఆ కంతకు ఇవతల నేను.

నేను చేరిన నాలుగేళ్లకు ఆ రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు. ఎవరో వచ్చి ఫోటోలు తీసి వెళ్లారు. కెమెరాను ఒక పక్కన బిగించి కుడిచేతి పేజీలన్నీ వరసగా తీశారు. తర్వాత దాన్ని రెండో పక్కకు మార్చి ఎడమచేతి పేజీలన్నీ తీశారు. అలా రెండు కట్టలయ్యాయి. కుడి కట్ట నాకు, ఎడమ కట్ట మా ఆడపడుచుకు. ఎదురెదురు బల్లల ముందు కూర్చుని, రెండున్నరేళ్లు ఇద్దరం పోటీపడి కొట్టాం. ఎవరు ముందు పూర్తిచేస్తే రెండోవాళ్లు ఆదివారం వంట చేయాలి. అప్పటి పెద్దసారు మాకు చెప్పిన నియమం ఒక్కటే: "ఉన్నది ఉన్నట్టు కొట్టండి. మీ తెలివితేటలు వాడొద్దు." ఆ రెండో మాట మా ఆడపడుచుకు ఎంత కష్టంగా తోచి ఉంటుందో నేను ఊహించగలను.

మేం ఎక్కించాక, వెతుక్కోవడానికి ఒక కంపెనీవాళ్లు తెర తయారుచేసి ఇచ్చారు. అందులో ఇరవై ఆరు గడులు. వాటిలో తొమ్మిదింటి పక్కన ఎర్రచుక్క, అంటే అవి నింపకపోతే యంత్రం పలకదన్నమాట. ఆ తొమ్మిదింటిలో మొట్టమొదటిది నమోదు సంఖ్య. ఆ సంఖ్యే తెలిస్తే మనిషి మా దగ్గరికి ఎందుకొస్తాడు? నేను ఏళ్ల తరబడి కంతలోంచి "నమోదు సంఖ్య?" అని అడిగేదాన్ని, వాళ్లు "అది తెలుసుకుందామనే వచ్చానమ్మా" అనేవాళ్లు. నాకు కోపం వచ్చేది. ఎవరి మీద రావాలో వాళ్ల మీద కాకుండా ఎదురుగా ఉన్నవాళ్ల మీద వచ్చేది.

మా ఆడపడుచు ఆ తెరను చూసి ఏళ్ల తరబడి పళ్లు నూరింది. నలభై రెండో ఏట, "వదినా, ఇది వీళ్ల వల్ల అయ్యే పని కాదు, నేనే రాస్తాను" అంది. ప్రోగ్రాములు రాయడం వచ్చా అంటే, "రాదు, అయితే ఏం?" అంది. నాకు రాదు కాబట్టి చేయను అనే మాట తన నోట నేనెప్పుడూ వినలేదు. సాయంత్రం క్లాసులో చేరింది. అక్కడ అందరూ పట్టుమని ఇరవై ఏళ్లు లేనివాళ్లు. మొదటిరోజు తను గుమ్మంలోకి రాగానే, పాఠం చెప్పే ఆవిడ అనుకుని అందరూ లేచి నిలబడ్డారట. తను కూడా ఏమాత్రం తడబడకుండా "కూర్చోండి" అని చెప్పి చివరి బల్ల మీద కూర్చుందట.

నేర్చుకోవడానికి మూడేళ్లు పట్టింది. రాయడానికి అయిదేళ్లు. రోజూ పని ముగిశాక ఒక గంట, చెవి మీద పెన్సిలు, ముందు చిత్తుకాగితాలు. తన తెర మీద గడి ఒక్కటే. దాని కింద ఒక్క వాక్యం: "మీకు తెలిసింది రాయండి." పేరు తెలిస్తే పేరు, వీధి తెలిస్తే వీధి, "తాత కమ్మరి, ఒక కన్ను లేదు" అని మాత్రమే తెలిస్తే అదే. యంత్రం దాన్ని బట్టి వెతికి కొందరిని చూపిస్తుంది. మనకు కావలసినవాళ్లను నొక్కితే, వాళ్ల పేరు చుట్టూ మూడు మీటలు వస్తాయి. పైన అంటే తల్లిదండ్రులు, పక్కన అంటే తోడబుట్టినవాళ్లు, కింద అంటే పిల్లలు. అంతే. ఆఫీసులో అందరూ తనకు ఒక్కగడి మేడమ్ అని పేరు పెట్టి నవ్వుకున్నారు. నవ్విన నాపచేనే పండుతుందని వాళ్లకు గుర్తులేదు.

కొత్తగా వచ్చిన పెద్దసారు మంచివాడే కానీ అనుమానం మనిషి. "గడులు తగ్గిస్తే సమాచారం తగ్గిపోదా అమ్మా?" అన్నాడు.

"తలుపు ఒక్కటే ఉందని ఇంట్లో గదులు తగ్గిపోతాయా సార్?" అంది తను.

పరీక్షలు మా ఇంట్లోనే మొదలయ్యాయి. మా ఆయన, అంటే తన అన్న, టీవీ రిమోటును తిరగేసి పట్టుకునే మనిషి. ఆయనకు అర్థమైతే లోకంలో అందరికీ అర్థమైనట్టే అని తన ధీమా. ఆయన మూడు నిమిషాల్లో తన ముత్తాతను పట్టుకున్నాడు. వృత్తి అనే చోట "ఏమీ లేదు" అని రాసి ఉంది. "చూశావా, ఇది నాకు వంశపారంపర్యంగా వచ్చింది" అని నా వైపు గర్వంగా చూశాడు. ఆ సంగతి యంత్రం చెప్పకముందే నాకు తెలుసు.

ఇక పెద్దసారు ముందు చూపించడమే తరువాయి అనుకుంటుండగా, మా ఆడపడుచు సరదాకి యంత్రాన్ని ఒక ప్రశ్న అడిగింది. ఈ ఊళ్లో అందరికంటే ఎక్కువమంది పిల్లలున్న తండ్రి ఎవరు అని. జవాబు వచ్చింది. పేరు సదరు. సంతానం నాలుగు వేల మూడువందల ఎనభై మంది.

ఆఫీసంతా వచ్చి చూసి పొట్టలు పట్టుకుని నవ్వింది. "ఎవరోగానీ మహానుభావుడు, నూట ఇరవై ఏళ్లు విశ్రాంతి లేకుండా కన్నాడు" అన్నాడు అటెండరు. నేను నవ్వలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి మెడ మీదికి పోయింది.

సంగతేమిటంటే, అప్పట్లో జనం ఒక్కో బిడ్డకు ఒక్కోసారి రావడం దండగనుకుని, ఇద్దరు ముగ్గురు పోగయ్యాక అందరినీ ఒకేసారి రాయించేవాళ్లు. రాసే గుమాస్తా మొదటి బిడ్డ వరసలో తల్లిదండ్రుల పేర్లు రాసి, కింది వరసల్లో "సదరు" అని పెట్టి ఊరుకునేవాడు. అంటే పై వరసలో ఉన్నవాళ్లే అని. కాగితం మీద అది చదివేవాళ్లకు ఇబ్బంది లేదు, కన్ను ఒక వరస పైకి పోతుంది. మేమేమో ఉన్నది ఉన్నట్టు కొట్టమన్నారు కదా అని సదరు అనే కొట్టాం. యంత్రం అది ఒక మనిషి పేరనుకుంది. పైన ఉన్నది ఏదో దానికి ఎవరూ చెప్పలేదు.

"వదినా, ఇది మనిద్దరం చేసిందే" అంది తను.

"ఆ పాత పెద్దసారు అలా కొట్టమన్నాడు" అన్నాను.

"ఆయన వాడొద్దన్నది తెలివితేటలు. కళ్లు కాదు."

తిలాపాపం తలా పిడికెడు. ఏం చేస్తాం, ఒప్పుకున్నాను. తను వారం రోజుల్లో సరిచేసింది. మేం కొట్టిన వరసల క్రమం యంత్రంలో భద్రంగానే ఉంది కాబట్టి, సదరు అని ఉన్నచోటల్లా పై వరసలోని పేరు తెచ్చి పెట్టమని ప్రోగ్రాము రాసింది. నాలుగు వేల పైచిలుకు మంది ఒక్క మధ్యాహ్నంలో సొంత తండ్రుల దగ్గరికి వెళ్లిపోయారు. నూట తొంభై మంది మాత్రం మిగిలారు. వాళ్లు పేజీలో మొదటి వరసవాళ్లు. వాళ్లకు పై వరస అంటే ముందు పేజీలోని చివరి వరస, అది రెండో కట్టలో ఉంటుంది. తన పేజీకి పైన నా పేజీ, నా పేజీకి పైన తన పేజీ. కట్టలు రెండింటినీ పేకముక్కల్లా ఒకటి విడిచి ఒకటి కలిపేసింది తను. నా యాభై తొమ్మిదో ఫోటో, తర్వాత తన యాభై తొమ్మిదో ఫోటో. "అయిపోయింది" అని చేతులు దులుపుకుంది. తన ధీమా చూసి నేనూ చేతులు దులుపుకున్నాను.

పెద్దసారు ముందు చూపించే రోజున, మనవాళ్లను కాదు, నిజంగా వెతుక్కునేవాళ్లను కూర్చోబెడదాం అంది తను. ఎవరిని అంటే నాకు వెంటనే తాళాలాయన గుర్తొచ్చాడు.

తాళాలాయనకు డెబ్బై ఒకటి. తలుపు వెడల్పంత దుకాణం ఆయనది, తాళాలు బాగుచేస్తాడు, తాళంచెవులు తయారుచేస్తాడు. పదకొండేళ్లుగా ప్రతి నెలా మొదటి గురువారం నా కంత దగ్గరికి వచ్చి వంగేవాడు. ఆయన ఆరేళ్ల వయసులో వాళ్లమ్మ కాన్పులో చనిపోయింది. పుట్టిన బిడ్డ కూడా అమ్మతోనే పోయిందని ఇంట్లో అందరూ చెప్పారు. ఆయన మాత్రం కాదంటాడు. చెల్లెలు బతికిందని, నలభై రోజులు తన ఒళ్లోనే పడుకుందని, ఒకరోజు ఎవరో ఒకావిడ వచ్చి ఎత్తుకుని బండెక్కి వెళ్లిపోయిందని. వాళ్ల నాన్న ఈ మాట ఎత్తితే కొట్టేవాడట. పెద్దయ్యాక భార్య, ఇప్పుడు కొడుకు, అందరూ అది చిన్నప్పటి జ్వరంలో వచ్చిన కల అనే అంటారు. "పోనీ కలే అనుకుందామంటే, ఆ పిల్ల తల వాసన ఇంకా గుర్తుందమ్మా" అని ఒకసారి నాతో అన్నాడు. "చచ్చేలోగా నాకొక్కటి తెలిస్తే చాలు. నాకు చెల్లెలుందా, నాకు మతి చెడిందా?"

నేను ఆయన్ని ప్రతిసారీ చెల్లెలి నమోదు సంఖ్య అడిగేదాన్ని. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అడిగేదాన్ని.

ఆ రోజు కొడుకును వెంటబెట్టుకుని ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. మా ఆడపడుచు ఆయన్ని తెర ముందు కూర్చోబెట్టింది. వెనక పెద్దసారు, ఆయన వెనక మేమందరం. తాళాలాయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టాడు. తన వరస వచ్చింది. అప్పుడు మా ఆడపడుచు, "ఇప్పుడు పక్కన అనే మీట నొక్కండి బాబాయిగారూ" అంది. నొక్కాడు.

తెర మీద ఒక వరస పడింది. మగశిశువు. మూడో రోజున మరణం.

పెద్దసారు మెల్లగా, "యంత్రం బాగానే పనిచేస్తోంది" అన్నాడు. కొడుకు తండ్రి భుజం మీద చేయి వేసి, "ఇక చాలు నాన్నా. తమ్ముడు పుట్టాడు, పోయాడు. ఇంట్లోవాళ్లు చెప్పింది నిజమే కదా" అన్నాడు.

"తమ్ముడు కాదురా. చెల్లెలు" అన్నాడు ఆయన. తర్వాత మా ఆడపడుచు వైపు తిరిగి, "చెల్లెలేనమ్మా" అన్నాడు.

"రికార్డులో అలాగే ఉంది బాబాయిగారూ" అంది తను.

ఆయన తెరను మళ్లీ ఒకసారి చూసి లేచి, కుర్చీని బల్ల కిందికి తోసి, బయటికి వెళ్లిపోయాడు. మెట్లు దిగేటప్పుడు కొడుకు ఆసరా తీసుకున్నాడు. అంతకుముందెప్పుడూ ఆయన పక్కనున్న కమ్మీ కూడా పట్టుకోకుండా దిగేవాడు. పెద్దసారు మాత్రం తెరకు అనుమతి ఇచ్చేశాడు. మా ఆడపడుచు ఎనిమిదేళ్ల కష్టం ఫలించిన రోజు అది. ఇంటికొచ్చి తను ఒక్క ముద్ద కూడా తినలేదు.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకు నాకంటే ముందే వెళ్లింది. నేను వెళ్లేసరికి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని నిలబడి ఉంది.

"వదినా, ఇలా రా. పై వరస రాశాకే కదా కింది వరస రాస్తారు?"

"మరి?"

"తాళాలాయన వరస రాసింది పన్నెండో తారీఖున. దాని కింద ఉండాల్సిన మగపిల్లాడి వరస రాసింది ఎనిమిదో తారీఖున. కింది వరస నాలుగు రోజుల ముందు ఎలా రాస్తారు?"

నాకు ఒక నిమిషం పట్టింది. తర్వాత ఆ రెండు కాగితాలూ నా వైపు లాక్కుని తేదీలు మళ్లీ చూశాను.

"ఇంకోటి చూడు. ఆయన్ని పుట్టిన ఆరేళ్లకు నమోదు చేయించారు. ఆరేళ్లు పట్టించుకోని తండ్రి ఆ రోజే ఎందుకొచ్చాడు? వేరే పని మీద వచ్చుంటాడు. వచ్చినవాణ్ని, మరి పెద్దవాడి సంగతేమిటని గుమాస్తా తిట్టుంటాడు. ముందు పెద్దవాణ్ని రాశారు. తర్వాత..." తను మాట ఆపేసింది. "నేను కట్టలు కలిపింది తప్పు. ఎక్కడో ఒక పేజీ జారింది. ఆయన చెప్పింది వినకుండా నా యంత్రం చెప్పింది విన్నాను."

తప్పు తనొక్కదానిదేనని తను ఒప్పుకోవడం నేను చూడటం అది రెండోసారి. మొదటిసారి మా పెళ్లిలో, నా చీర మీద రసం ఒలకబోసినప్పుడు.

అసలు రిజిస్టరు చూస్తే తేలిపోతుంది. రిజిస్టర్లేమో లోపలి గదిలో ఇనుప బీరువాలో ఉన్నాయి. ఫోటోలు తీశాక దాన్ని మళ్లీ తెరిచినవాళ్లు లేరు. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పెద్దసారు, "పై ఆఫీసుకు రాద్దాం. మూడు నెలల్లో మనిషిని పంపిస్తారు" అన్నాడు.

"ఊళ్లోనే మనిషున్నాడు సార్" అంది మా ఆడపడుచు, చెప్పులేసుకుంటూ.

నేనూ వెంట వెళ్లాను. దుకాణంలో తాళాలాయన దీపం కూడా వేసుకోకుండా కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి, "వద్దులేమ్మా. ఇక రాను. తెలియాల్సింది తెలిసింది" అన్నాడు.

"రికార్డు కోసం కాదు బాబాయిగారూ. మా బీరువా తెరుచుకోవడం లేదు. తాళం పని" అంది తను.

తాళం పని అంటే ఆయన కాదనలేడు. సంచీ భుజాన వేసుకున్నాడు.

బీరువా ముందు చతికిలబడి, తాళానికి తన చెవి ఆనించి వింటూ, సన్నని ఊచ ఒకటి లోపలికి పోనిచ్చాడు. పెద్దసారు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. నాలుగు నిమిషాలు పట్టింది. తలుపు తెరుచుకోగానే దుమ్ముకు అందరం తుమ్మాం. మా ఆడపడుచు వేలితో అట్టలు తడుముకుంటూ పోయి ఒక రిజిస్టరు లాగింది. బల్ల మీద పెట్టి, పేజీలు తిప్పుతూ, ఒకచోట ఆగింది. ఎడమ పేజీ ఒకదాని మీద పెన్సిలుతో చిన్న గుర్తు, పక్కన "రెండుసార్లు" అని ఉంది. ఆ పేజీని ఫోటోలవాళ్లు పొరపాటున రెండుసార్లు తీసి, గుర్తు పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు. అక్కడి నుంచి తన కట్ట మొత్తం ఒక పేజీ వెనక్కి జరిగింది.

నూట పదిహేడో పేజీ తీసింది. కుడి పేజీ. అట్టడుగు వరసలో తాళాలాయన పేరు, తండ్రి పేరు, తల్లి పేరు.

"ఇక్కడి దాకా మా వదిన కొట్టింది" అంది తను. "ఆకు మీరు తిప్పండి."

ఆయన చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఆకు తిప్పాడు. వెనక పేజీ, మొదటి వరస. ఆడశిశువు. పేరు ఇంకా పెట్టలేదు. తండ్రి, సదరు. తల్లి, సదరు. చివరి గడిలో గుమాస్తా చేతిరాతతో, "ఈ శిశువును పెంపకానికి ఇవ్వడమైనది."

ఆయన పుట్టిన తేదీ మీద వేలు పెట్టాడు, రాసిన తేదీ మీద ఇంకో వేలు పెట్టాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకున్నాడు.

"నలభై మూడు రోజులు" అన్నాడు. "నేను నలభై అనుకున్నాను."

పెద్దసారు కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. మా ఆడపడుచు వెక్కి వెక్కి ఏడ్చింది, దాచుకోలేదు. అన్నగారి వరస నేను కొట్టాను, చెల్లెలి వరస తను కొట్టింది. బహుశా ఒకే రోజు, ఎదురెదురుగా, మధ్యలో రెండు టీ గ్లాసులు పెట్టుకుని. ఆదివారం వంట ఎవరు చేయాలా అని ఆలోచిస్తూ కొట్టుంటాం.

అంతటితో అయిపోలేదు. ఆ సాయంత్రమే తను రెండు కట్టలనూ ఈసారి పేజీ మూలన ఉన్న అంకె చూసి మరీ కలిపింది. తేదీ వెనక్కి వెళ్తే యంత్రం కలపకుండా ఆగిపోయేలా ఒక నియమం కూడా పెట్టింది. అలా ఆ పాప వరస తెరిచినప్పుడు కింద ఇంకో ముక్క కనిపించింది. ఈ వరస నకలు ఒకటి ఇదివరకే ఇచ్చారు. నాలుగేళ్ల కిందట. తీసుకున్న మనిషి చిరునామా ఉంది. ఇచ్చినవాళ్ల సంతకం ఉంది. ఆ సంతకం నాది.

నాకు గుర్తుంది. అరవై దాటిన ఆవిడ, బడి వంటగదిలో పనిచేసి రిటైరయ్యానంది. పెంచినవాళ్లు ఇచ్చిన చీటీలో నమోదు సంఖ్య ఉంది కాబట్టి ఎర్రచుక్కల గడులన్నీ దాటగలిగింది. నేను నకలు తీసి కంతలోంచి ఇచ్చాను. ఆవిడ చదువుకుని మళ్లీ వంగి, "నాన్న పేరు సదరు అని ఉందమ్మా. అమ్మ పేరూ అదే. ఇదేం పేరు?" అని అడిగింది. "రికార్డులో ఏముంటే అదే ఇస్తాం, తర్వాతివాళ్లు రండి" అన్నాను. ఆవిడ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకుని వెళ్లింది. ఇందులో తలా పిడికెడు లేదు. మొత్తం నాదే.

"వదినా, ఏడుపు తర్వాత. ముందు ఉత్తరం రాయి" అంది మా ఆడపడుచు.

రాశాను. మీ రికార్డులో తప్పు దొర్లింది, సరిచేశాం, కొత్త నకలు తీసుకోవడానికి రాగలరు అని. అన్నగారి సంగతి రాయలేదు. అది కాగితం మీద చెప్పే మాట కాదని ఇద్దరం అనుకున్నాం. పెద్దసారు చదవకుండానే సంతకం పెట్టాడు, ఆయన జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను. తాళాలాయనకు మాత్రం చెప్పాం. వస్తుందో రాదో, వచ్చినా కలవాలనుకుంటుందో లేదో తెలియదు, ఆవిడ ఇష్టం అని గట్టిగా చెప్పాం. "రానీ రాకపోనీ, ఉంది కదా" అన్నాడు. అన్నాడేగానీ, మర్నాటి నుంచి ఆఫీసు తెరిచే వేళకే వచ్చి ముందు గదిలో బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. కొడుకే రోజూ దింపి వెళ్లేవాడు. రెండోరోజు ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చి, "మా నాన్నకు మతి చెడిందని నేనే అందరికీ చెప్పానండీ" అని తల దించుకున్నాడు.

ఆరోరోజున ఆవిడ వచ్చింది. కంత దగ్గర వంగబోతుంటే నేను లేచి, గాజు పలక దాటి బయటికి వెళ్లాను. ఇరవై నాలుగేళ్లలో ఆ పని చేయడం అదే మొదలు. చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి మా ఆడపడుచు పక్కన కూర్చోబెట్టాను. తెర మీద ఒక్క గడి.

"మీకు తెలిసింది రాయండమ్మా" అంది తను.

"నాకేం తెలుసమ్మా, నా నంబరు తప్ప" అంది ఆవిడ. అదే కొట్టింది. వరస వచ్చింది. తండ్రి పేరు చోట పేరుంది. తల్లి పేరు చోట పేరుంది. ఆవిడ ఆ రెండు పేర్లూ పైకి చదివింది, ఎవరినో పిలిచినట్టు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, పక్కన అనే మీట మీద వేలు పెట్టి మా ఆడపడుచు మొహంలోకి చూసింది.

"నొక్కండి. ఈసారి సరిగ్గానే వస్తుంది" అంది తను.

వచ్చింది. ఆవిడ ఆ పేరు మీద వేలు పెట్టి, "అన్నయ్యా?" అంది. "ఉన్నాడా?"

నేను నోరు తెరిచేలోపే బల్ల కిర్రుమంది. గాజు పలక అవతల తాళాలాయన లేచి నిలబడ్డాడు, వంగి ఆ కంతలోంచి లోపలికి చూస్తున్నాడు. ఆవిడ లేచి వెళ్లింది. ఇద్దరి మధ్య గాజు. ఏడుస్తారనుకున్నాం, కావలించుకుంటారనుకున్నాం. ఆవిడ ఆ ముసలి మొహాన్ని పైనుంచి కిందిదాకా చూసి, అరవై అయిదేళ్లుగా అడగడానికి ఎవరూ దొరకని ప్రశ్న అడిగింది.

"నన్ను తీసుకెళ్లిన రోజు నేను ఏడ్చానా?"

"లేదమ్మా, నువ్వు నిద్రపోతున్నావు" అన్నాడు ఆయన. "బండి మలుపు తిరిగేదాకా ఏడ్చింది నేను."